బడి మాత్ర, షాపు సిరప్, 'ప్లస్' మాత్ర: పిల్లల కడుపులో పురుగులకు ఏది పనిచేస్తుంది?

ఆలూరు టీచరు

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ఫిబ్రవరి 10 దగ్గరికొస్తోంది. నులిపురుగుల నివారణ దినం నాడు మధ్యాహ్న భోజనం అయ్యాక ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రను పిల్లల చేత మా కళ్లెదుటే నమిలిస్తాం. ఆ రోజు బడికి రానివాళ్లకు కొన్నాళ్లకు మాప్-అప్ రోజున ఇస్తాం. ఆగస్టులో మళ్లీ ఇదే పని.

ఈసారి తల్లిదండ్రుల మీటింగులో నన్ను గట్టిగా నిలదీశారు. "సర్కారు మాత్రకు పవర్ ఉండదు సార్, మేం టౌనులో సిరప్ కొని తాపిస్తాం, మావాడికి ఇయ్యొద్దు" అన్నాడు ఒకాయన. "మెడికల్ షాపులో రెండు మందులు కలిపిన ప్లస్ మాత్ర ఉందంట, అది ఇంకా స్ట్రాంగంట కదా" అంది ఇంకొకామె. "పోయిన ఆగస్టులో మాత్ర మింగినాక ఒక్క పురుగూ బయట పడలేదు, ఇంకేం పనిచేసినట్లు?" అని మరో తల్లి అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు, జవాబు నా దగ్గర లేదు, అంతే.

నా క్లాసులో ఆడపిల్లలు చాలామంది పాలిపోయి ఉంటారు. పదకొండు గంటలకే బెంచీ మీద తల వాలుస్తారు. ఇంట్లోవాళ్లు మాత్ర వద్దంటే నష్టపోయేది ఆ పిల్లలే. ఏ మందు ఏ పురుగు మీద ఎంతవరకు పనిచేస్తుందో తెలిసినవాళ్లు కాస్త వివరంగా, లెక్కలతో చెప్పండి.

కడప ఫార్మసిస్టు

సార్, మొదటాయనకు జవాబు నా షాపు అలమరాలోనే ఉంది. 10 మిల్లీలీటర్ల ఆల్బెండజోల్ సిరప్ సీసా మీద చూడండి: 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అంటే సీసా మొత్తం తాపితే 400 మిల్లీగ్రాములు. బడిలో ఇచ్చే మాత్రలో ఉన్నదీ అదే 400. మందు ఒకటే, మోతాదు ఒకటే. ఒకటి నమిలేది, ఇంకొకటి తాగేది. అంతకుమించి తేడా లేదు.

పైగా సిరప్‌తో ఒక చిక్కు ఉంది. చాలామంది సీసా ఊపకుండా పోస్తారు. మందు అడుగున పేరుకుని ఉంటుంది. సగం తాపి, మిగిలింది వచ్చే నెలకని దాచిపెడతారు. అప్పుడు పిల్లాడికి అందేది ఎంతో ఎవరికీ తెలియదు. టీచరు ఎదుట మాత్ర నమిలిన పిల్లాడికి పూర్తి మోతాదు పడినట్టే.

ఏడాది నుంచి రెండేళ్లలోపు పిల్లలకు సగం మాత్ర, పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి. రెండేళ్లు దాటితే 19 ఏళ్ల దాకా పూర్తి మాత్ర. ఏడాది నిండని పిల్లలకు ఇవ్వరు.

'ప్లస్' అని వచ్చేవాటిలో ఎక్కువగా ఆల్బెండజోల్‌కు ఐవర్‌మెక్టిన్ కలుస్తుంది. దాని గురించి డాక్టర్లు చెబితే బాగుంటుంది. నేను చూసుకునేది ఒక్కటే: 15 కిలోల బరువు లేని పిల్లలకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదు. మా షాపుకు వచ్చి 'ప్లస్ ఇవ్వన్నా' అని అడిగేవాళ్లు పిల్లల బరువు చెప్పరు, నేనే అడగాలి.

ప్రొద్దుటూరు అమ్మ

నాదీ ఒక ప్రశ్న. మా పాప మూడో తరగతి. బడిలో మాత్ర వేశారు. అయినా రాత్రిపూట కింద ఒకటే గోక్కుంటుంది, నిద్రపోదు, పొద్దున చిరాకు. మాత్ర పనిచేయలేదనుకోవాలా? ఇంకోటి కొనివ్వాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

పిల్లల డాక్టరు, అనంతపురం

ముందు టీచరు గారి ప్రశ్నకు వస్తాను, అమ్మా, మీ పాప సంగతి ఇదే జవాబులో చివర రాస్తాను.

'పురుగుల మందు' అని అందరం ఒకే మాట అంటాం కానీ, బడి పిల్లల కడుపులో పురుగులు ఒక్క రకం కాదు. మట్టి ద్వారా వచ్చేవి ప్రధానంగా మూడు. ఏలికపాములు, అంటే వానపాములాగా పొడవుగా గుండ్రంగా ఉండేవి. కొంకిపురుగులు, సెంటీమీటరు పొడవు, దారంలా సన్నం, పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం పీలుస్తాయి. కొరడా పురుగులు, పెద్దపేగులో తల గుచ్చుకుని ఉంటాయి. ఏ మందు మంచిదని అడిగితే, ఏ పురుగుకు అని నేను తిరిగి అడగాల్సి వస్తుంది.

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. అనేక దేశాల పరీక్షల ఫలితాలను కలిపి లెక్క కట్టారు. ఒక్క మోతాదుతో ఎంతమందికి ఆ పురుగు పూర్తిగా పోయిందన్నది చూశారు. ఆల్బెండజోల్ 400తో ఏలికపాములు నూటికి సుమారు 96 మందికి పోయాయి. కొంకిపురుగులు 80 మంది దాకా. కొరడా పురుగులు మాత్రం 31 మందికే. మెబెండజోల్ 500 అయితే ఏలికపాముల్లో అదే 96, కొరడా పురుగుల్లో కొంచెం మెరుగై 42, కొంకిపురుగుల్లో మాత్రం 32 దగ్గరే ఆగిపోయింది. పైరాంటెల్ అనే మూడో మందు ఏలికపాములకు 93, కొంకిపురుగులకు 50, కొరడా పురుగులకు 20.

ఏలికపాములకైతే ఏ మందైనా సరిపోతుంది, వాదన అక్కర్లేదు. తేడా అంతా కొంకిపురుగుల దగ్గర వస్తుంది. రక్తం తాగేవి అవే. రకాన్ని బట్టి ఒక్కో కొంకిపురుగు రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుంది. ఎక్కువ పీల్చే రకం వంద ఉన్నాయనుకోండి, రోజుకు 15 మిల్లీలీటర్లు పైనే. సంగటి, పప్పు తిని పెరుగుతున్న పదేళ్ల పిల్ల ఆ లోటును ఎక్కడి నుంచి పూడ్చుకుంటుంది? టీచరు గారు చెప్పిన పాలిపోయిన ఆడపిల్లలను దృష్టిలో పెట్టుకుంటే, ఒక్క మోతాదులో కొంకిపురుగు మీద బలంగా పనిచేసేది ఆల్బెండజోల్. బడికి ఆ మాత్రను ఎంచుకోవడం సరైన పనే.

ఇక పురుగు కనపడలేదన్న తల్లికి జవాబు. ఆల్బెండజోల్, మెబెండజోల్ రెండూ పురుగు ఒంట్లోని ట్యూబులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. పురుగు గ్లూకోజును తీసుకోలేక రెండు మూడు రోజుల్లో నెమ్మదిగా చస్తుంది. చచ్చింది పేగులోనే చాలావరకు అరిగిపోతుంది. పెద్ద ఏలికపాములుంటే కనపడొచ్చు. కొంకిపురుగు మలంలో కంటికి ఆనదు. పైరాంటెల్ దారి వేరు: అది పురుగు కండరాలను బిగదీసి పక్షవాతం తెప్పిస్తుంది, పట్టు వదిలిన పురుగు ఒక్కోసారి బతికుండగానే బయటికి వస్తుంది. పాతకాలంలో పైపరజీన్ వాడేవాళ్లు, అదీ పక్షవాతమే కానీ కండరాలు సడలిపోయే రకం. ఈ రెండింటినీ కలిపి ఇస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. పురుగు బయట పడిందా లేదా అన్నది మందు పనితనానికి కొలత కాదు.

ప్రొద్దుటూరు అమ్మా, మీ పాపది బహుశా నాలుగో రకం. తెల్లగా, చిన్న దారప్పోగుల్లా ఉండే సన్న నులిపురుగులు. ఇవి మట్టిలోంచి కాదు, వేళ్ల నుంచి, పక్కబట్టల నుంచి వస్తాయి. రాత్రిపూట ఆడపురుగు మలద్వారం దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది, అదే ఆ దురద. గోక్కున్న వేళ్లు నోట్లో పెట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. మాత్ర పెద్ద పురుగులను చంపుతుంది, గుడ్లను చంపదు. అందుకే రెండు వారాలకు ఇంకో మోతాదు వేయాలి, ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోవాలి. బడి మాత్ర ఒక్కటే వేస్తే ఈ రకానికి సగం వైద్యమే అయినట్టు. ముందు అది అవునో కాదో తేల్చుకుందాం. ల్యాబ్ వాళ్లెవరైనా టేపు పరీక్ష ఎలా చేయాలో ఆమెకు చెప్పండి.

ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు

చెబుతాను మేడం. అక్కా, పాప పొద్దున లేవగానే, స్నానానికీ దొడ్డికీ పోకముందే చేయాలి. పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్క తీసుకుని, జిగురు వైపు మలద్వారం చుట్టూ చర్మానికి అద్దండి. దాన్ని గాజు స్లైడు మీద అతికించి ల్యాబుకు తెండి. ఒక్క రోజుకు దొరక్కపోవచ్చు, వరుసగా మూడు పొద్దులు చేస్తే పట్టుబడే అవకాశం బాగా పెరుగుతుంది. మోషన్ టెస్టు దీనికి పనికిరాదు. గుడ్లు చర్మం మీద ఉంటాయి, మలంలో అరుదు. 'మోషన్ టెస్టు నార్మల్ వచ్చింది, పురుగులు లేవన్నారు' అని నిశ్చింతగా ఉండిపోయే తల్లులు చాలామంది.

డాక్టరు మేడం ఇచ్చిన అంకెల గురించి ఒక మాట. 'పూర్తిగా పోయింది' అన్నది ఒక కొలత. 'గుడ్లు ఎంత తగ్గాయి' అన్నది ఇంకో కొలత. సర్వేల్లో కాటో-కాట్జ్ అనే పద్ధతి వాడతారు. 41.7 మిల్లీగ్రాముల మలాన్ని జల్లెడ పట్టి స్లైడు మీద పరిచి, గుడ్లు లెక్కపెట్టి, 24తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. అదే సమీక్షలో ఆల్బెండజోల్ కొంకిపురుగు గుడ్లను 90 శాతం దాకా తగ్గించింది. కొరడా పురుగు పూర్తిగా పోయినవాళ్లు 31 మందే అయినా గుడ్లు సగానికి తగ్గాయి. పిల్లకు జబ్బు తెచ్చేది పురుగుల సంఖ్య. ఉన్న పురుగుల్లో పదింట తొమ్మిది పోతే, పూర్తిగా పోయిన లెక్కలోకి రాకపోయినా, ఆ పిల్ల రక్తం నిలబడుతుంది.

కొంకిపురుగు గుడ్డుకు పైపొర చాలా పలచన. కాటో-కాట్జ్ స్లైడు చేశాక అరగంట, గంటలోపు చూడకపోతే కరిగి మాయమైపోతుంది. పొద్దున తెచ్చిన శాంపిల్‌ను మధ్యాహ్నం దాకా పక్కన పెట్టి 'నిల్' అని రాసిచ్చే చోట్లు నేను చూశాను. అలాంటి రిపోర్టు చూసి పిల్లకు మాత్ర వద్దనుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఉరవకొండ పశువైద్యం

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. మనుషుల వైద్యం నాది కాదు, కానీ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. మా దగ్గర గొర్రెల కాపరులు నట్టల మందు తీసుకుపోతారు. అందులోనూ ఆల్బెండజోల్ ఉంటుంది, ఫెన్‌బెండజోల్ ఉంటుంది. 'మందు ఒకటే కదా సార్, పిల్లోళ్లకు రొంత తాపితే పోలా?' అని అడిగినవాళ్లు ఉన్నారు. అప్పా, చేతులెత్తి మొక్కుతాను, ఆ పని చేయకండి. పశువుల మందు గాఢత వేరు, అందులో కలిపే ఇతర పదార్థాలు వేరు. ఫెన్‌బెండజోల్ మనుషులకు అనుమతించిన మందే కాదు. బడిలో ఉచితంగా ఇస్తున్నప్పుడు ఈ అవసరం ఎందుకు?

రెండో సంగతి, మందులకు లొంగకపోవడం. గొర్రెల్లో హీమాంకస్ అనే రక్తం పీల్చే నట్ట ఉంది. ఒకే మందు ఏళ్ల తరబడి, తూకం చూడకుండా తక్కువ తక్కువగా పోస్తే అది ఆల్బెండజోల్ జాతి మందులకు లొంగకుండా తయారవుతుంది. ప్రపంచమంతా గొర్రెల పెంపకంలో ఇది జరిగింది. మనుషుల పురుగుల్లో కూడా ఇదే జరుగుతుందా అన్న భయం నాకుంది. డాక్టరు మేడం చెప్పాలి.

పిల్లల డాక్టరు, అనంతపురం

మీ భయం అక్కర్లేనిదేమీ కాదు. నేను చెప్పిన సమీక్షలోనే కొరడా పురుగు మీద ఆల్బెండజోల్ పనితనం 1995 నుంచి 2015 మధ్య తగ్గుతూ వచ్చిందని చూపించారు. అందుకే సగం మోతాదులు, మిగిల్చి దాచుకున్న సిరప్‌లు ప్రమాదం. ఒక మేలు ఏమిటంటే, గొర్రెల మందలో అన్నింటికీ పోస్తారు, బడి మాత్ర పిల్లలకు మాత్రమే. పెద్దవాళ్ల కడుపులో, మట్టిలో ఉన్న పురుగులకు ఆ మందు తగలదు కాబట్టి లొంగే జాతి కూడా మిగిలే ఉంటుంది.

'ప్లస్' మాత్ర సంగతి ఇక్కడే రాస్తాను. ఐవర్‌మెక్టిన్ కలపడం వెనక నిజమైన ఆలోచన ఉంది, అది కొరడా పురుగు కోసం. 2022లో లాన్సెట్ వాళ్ల అంటువ్యాధుల పత్రికలో మూడు దేశాల పరీక్ష వచ్చింది. లావోస్‌లో ఒక్క ఆల్బెండజోల్‌తో నూటికి 8 మందికి కొరడా పురుగు పోతే, రెండూ కలిపినప్పుడు 66 మందికి పోయింది. టాంజానియాకు చెందిన పెంబా దీవిలో 6 నుంచి 49కి పెరిగింది. ఐవరీకోస్ట్‌లో మాత్రం 10 నుంచి 14, అంటే దాదాపు ఏమీ మారలేదు. ఒకే మందు జంట ఒక దేశంలో గొప్పగా పనిచేసి ఇంకో దేశంలో చతికిలపడింది. కాబట్టి దాన్ని 'స్ట్రాంగ్' మాత్ర అని కాక, కొరడా పురుగు బాగా ఉన్నచోట డాక్టరు చూసి ఇచ్చే మందు అనుకోండి. ఏలికపాములకు, కొంకిపురుగులకు ఆల్బెండజోల్ ఒంటరిగానే చాలావరకు సరిపోతుంది. షాపుకు పోయి అడిగి తెచ్చుకునే మందు మాత్రం అది కాదు.

మెబెండజోల్‌ను కూడా ఒక్క అంకె చూసి తీసిపారేయకండి. పెంబాలోనే 2018లో వచ్చిన ఇంకో పరీక్షలో, 500 మిల్లీగ్రాములు ఒకేసారి ఇస్తే కొంకిపురుగు 13 శాతం మందికే పోయింది. 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు మూడు రోజులు ఇస్తే 98 శాతం మందికి పోయింది. మొత్తం కలిపినా 600 మిల్లీగ్రాములే! మందు పెద్దగా పెరగలేదు, పురుగు మీద మందు పనిచేసే సమయం పెరిగింది. నా దగ్గరికి వచ్చిన బిడ్డకు నేను మూడు రోజుల కోర్సు రాయగలను. మూడు వందల మంది పిల్లల చేత ఆరుసార్లు మాత్ర మింగించమని టీచరుకు చెప్పగలనా? బడిలో ఏ మందు అన్నది ఒక్కసారితో అయ్యే పనిని బట్టే తేలుతుంది.

అనంత గణాంకాలు

అందరూ మందుల పోలిక బాగా చెప్పారు. నేను ఇబ్బందికరమైన ప్రశ్న అడుగుతాను, ఏమనుకోకండి. పురుగు చావడం వేరు, పిల్ల బాగుపడటం వేరు. ఉత్తరప్రదేశ్‌లో దాదాపు పది లక్షల మంది చిన్నపిల్లల మీద జరిగిన డెవ్టా అనే పరీక్ష ఫలితాలు 2013లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ ఇచ్చారు. మరణాల్లో, బరువులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అన్ని పరీక్షలనూ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష కూడా అందరికీ కలిపి మందు వేస్తే సగటున బరువు, హిమోగ్లోబిన్, చదువు పెద్దగా మారవనే అంటోంది. కెన్యా బళ్లలో హాజరు పెరిగిందని 2004లో వచ్చిన అధ్యయనం లెక్కలను వేరేవాళ్లు మళ్లీ చేసి చూసి, తప్పులున్నాయంటే 2015లో ఎంత రచ్చ జరిగిందో తెలుసు కదా. మరి తల్లిదండ్రులకు ఏ నమ్మకంతో చెప్తాం?

పిల్లల డాక్టరు, అనంతపురం

మంచి ప్రశ్న, దీన్ని దాటవేయకూడదు. డెవ్టాలో పిల్లలు ఒకటి నుంచి ఆరేళ్ల లోపువాళ్లు. చాలామందికి పురుగులు తక్కువగానే ఉన్నాయి. తక్కువ పురుగులున్న పిల్లకు మాత్ర వేస్తే ఆమె బరువు ఎందుకు పెరుగుతుంది? బాగా పురుగులున్న కొద్దిమందికి జరిగిన మేలు లక్షల మంది సగటులో కలిసిపోతుంది. నా ఓపీలో హిమోగ్లోబిన్ 6కు పడిపోయిన పిల్ల ఆ సగటులో ఎక్కడా కనపడదు. ఆ కొద్దిమంది ఎవరో తెలియాలంటే అందరి మలమూ పరీక్ష చేయాలి, దానికయ్యే ఖర్చు మాత్ర ఖర్చుకు ఎన్నో రెట్లు. మాత్ర చవక, ప్రమాదం చాలా తక్కువ, అందుకే అందరికీ ఇస్తారు.

మీరు చెప్పినదాంట్లో ఒకటి నేనూ ఒప్పుకుంటాను. 'మాత్ర వేస్తే మార్కులు పెరుగుతాయి, పొడుగవుతారు' అని టీచర్లు హామీ ఇవ్వకూడదు. రక్తం పోవడం ఆగుతుందని చెప్పండి. పోయిన రక్తం తిరిగి రావాలంటే ఐరన్ కావాలి. అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు వారానికో గులాబీ రంగు మాత్ర, పది దాటినవాళ్లకు నీలం రంగు మాత్ర ఇస్తున్నారు కదా, అవి పిల్లలు నిజంగా మింగుతున్నారా లేదా చూడండి. నల్లగా విరేచనం అయిందని భయపడి కిటికీలోంచి పారేసే పిల్లలు ఉంటారు.

అనంత గణాంకాలు

ఒప్పుకుంటున్నాను మేడం, కొంతవరకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పురుగులు 20 శాతం పైన ఉన్నచోట ఏడాదికోసారి, 50 శాతం దాటినచోట రెండుసార్లు అని చెప్తుంది. మా అనంతపురం లాంటి ఎండు నేలలో లెక్క ఎంతుందో ఊరి వారీగా అప్పుడప్పుడు చూడాలన్నదే నా పట్టు. దాన్ని మాత్రం వదలను.

ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు

ఎండు నేల గురించి మీ మాట సగం నిజం అన్నా. కొంకిపురుగు పిల్లలు ఎండకు, పొడి మట్టికి తట్టుకోలేవు. తేమ, నీడ, ఇసుక కలిసిన నేల వాటికి కావాలి. వేసవిలో రాయలసీమ నేల వాటికి నరకం. కానీ తుంగభద్ర కాలువల వెంబడి, కేసీ కాలువ వెంబడి ఊళ్లలో చూడండి. ఏడాదిలో చాలా నెలలు గట్టు తడిగా ఉంటుంది, కంపచెట్ల నీడ ఉంటుంది. జనం పోయేదీ ఆ చాటుకే. అదే దారిలో పిల్లలు చెప్పుల్లేకుండా నడుస్తారు. గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది, వారం పది రోజుల్లో అందులోంచి వచ్చిన పిల్లపురుగు (లార్వా) చర్మం గుచ్చుకుని లోపలికి పోయేంత తయారవుతుంది. అరికాలి నుంచి రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి గొంతులోకి, మింగితే పేగులోకి. ఏలికపాము గుడ్డుకు ఇంత నాజూకు లేదు. మట్టిలో రెండు మూడు వారాలు ముదిరాక, అనువైన చోట ఏళ్ల తరబడి బతుకుతుంది. కడగని క్యారెట్టు, కొత్తిమీరతో నోట్లోకి వస్తుంది.

ఇంకోటి. కొంకిపురుగులు పెద్దవాళ్లలోనే ఎక్కువ. శెనక్కాయ చేలో వట్టికాళ్లతో పనిచేసే నాయనకు మాత్ర లేదు, బడిలో కొడుక్కు ఉంది. మన పొరుగునే తమిళనాడు వేలూరు వైపు, ఇంకా బెనిన్, మలావీల్లో ఊరు మొత్తానికి మాత్ర వేసి చూసిన పెద్ద పరీక్ష జరిగింది ఇందుకే.

కోడుమూరు ఏఎన్ఎం

మందుల పోలికలు మీరందరూ చెప్పారు. మాత్ర వేసే రోజున ఏం జరుగుతుందో నేను చెప్తాను, టీచరు సార్‌కు అదే ఎక్కువ అవసరం.

మాత్ర నమిలించాలి. మింగితే గొంతులో అడ్డం పడే ప్రమాదం చిన్నపిల్లల్లో ఉంది. ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి నోట్లో వేయడం ఎప్పటికీ చేయకండి. మంచినీళ్లు పక్కనే పెట్టుకోండి. జ్వరం, విరేచనాలు ఉన్న పిల్లకు ఆ రోజు ఇవ్వకండి, తగ్గాక మాప్-అప్‌లో ఇద్దాం. ఇతర మందులు వాడుతున్న పిల్లల పేర్లు ముందే రాసి మాకివ్వండి.

మాత్ర వేశాక కొందరికి కడుపునొప్పి, వికారం, ఒక వాంతి, తల తిరగడం ఉంటుంది. పురుగులు ఎక్కువున్న పిల్లకే ఇవి ఎక్కువ. నీడలో పడుకోబెట్టి నీళ్లో, ఓఆర్ఎస్సో తాపితే గంట రెండు గంటల్లో లేచి ఆడుకుంటారు. తగ్గకపోతే నాకు గానీ, 108కు గానీ ఫోన్ చేయండి. ఒక పిల్ల వాంతి చేసుకుంటే పక్క పిల్లలు ఆమెను చూసి కడుపు పట్టుకుంటారు, ఊళ్లో 'మాత్ర వికటించింది' అని పుకారు లేస్తుంది. అందుకే బాగాలేని పిల్లను వేరే గదిలోకి తీసుకుపోండి, అందరి ముందూ హడావుడి చేయకండి. తల్లిదండ్రులకు ముందు రోజే చెప్పండి: కాస్త వికారం రావొచ్చు, భయం లేదని. ముందే చెప్పిన ఊళ్లో గొడవ ఉండదు, ఇది నా అనుభవం.

ఫిట్స్ వచ్చే పిల్లల సంగతి డాక్టరమ్మ చెప్పాలి.

పిల్లల డాక్టరు, అనంతపురం

ముఖ్యమైన మాట ఎత్తారు అక్కా. పంది ద్వారా వచ్చే బద్దెపురుగు గుడ్లు నోట్లోకి పోతే మెదడులో తిత్తులు కట్టవచ్చు. ఊరపందులు తిరిగే ఊళ్లలో పిల్లలకు ఫిట్స్ రావడానికి అదొక కారణం. అలాంటి పిల్లకు ఆల్బెండజోల్ వేస్తే తిత్తి చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ తిరగబెట్టే అవకాశం ఉంది. ఆ పిల్లకు వైద్యం ఆసుపత్రిలో, స్కాను చూసి, వాపు తగ్గించే మందుతో కలిపి జరగాలి. ఫిట్స్ ఉన్నవాళ్లకు బడిలో వేయకుండా మా దగ్గరికి పంపండి. ఇక కడుపులో బద్దెపురుగుకు ఒక్క ఆల్బెండజోల్ మాత్ర నమ్మదగ్గది కాదు, దానికి ప్రాజిక్వాంటెల్ వాడతాం.

పులివెందుల రైతు

మా అమ్మ వాయువిడంగాలు నూరి బెల్లంలో పెట్టేది. వేపాకు చిగురు, బొప్పాయి గింజలు కూడా. ఇవి పనిచేయవా?

కడప ఫార్మసిస్టు

అన్నా, వాటిని తీసిపారేయను. బొప్పాయి గింజల మీద నైజీరియాలో 60 మంది పిల్లలతో ఒక చిన్న పరీక్ష జరిగింది, 2007లో వచ్చింది. ఎండిన గింజల పొడి తేనెలో ఇస్తే 77 శాతం మంది మలంలో పురుగు ఆనవాళ్లు పోయాయి, ఒట్టి తేనె ఇచ్చినవాళ్లలో 17 శాతం. ఆశ కలిగించే ఫలితమే, కానీ 60 మందితో మోతాదు తేలదు. ఆల్బెండజోల్‌కు వేల మంది మీద చేసిన పరీక్షలున్నాయి. ఇంట్లో బొప్పాయి గింజలు తింటే తినండి, దాన్ని చూపించి బడి మాత్ర మాన్పించకండి.

ఆలూరు టీచరు

అందరికీ చేతులు జోడించి నమస్కారం. సిరప్ సీసా, బడి మాత్ర రెండూ పక్కపక్కన పెట్టి 400 అంకె తల్లిదండ్రుల చేతనే చదివిస్తాను. పురుగు ఎందుకు కనపడదో ఆ తల్లికి ఇంటికి పోయి చెప్తాను. మా క్లాసులో ఒక బాబుకు ఫిట్స్ ఉన్నాయి, వాడి పేరు ఏఎన్ఎం గారికి ఈరోజే ఇస్తున్నాను. వాడి విషయం ఇక్కడ అడగకపోయుంటే అందరితోపాటు వాడికీ వేసేసేవాళ్లం.

బడి వెనక కాలువ గట్టు ఉంది. పిల్లలు ఇంటర్వెల్‌లో అక్కడికే పోతారు, మరుగుదొడ్డికి నీళ్లు రావు కాబట్టి. మోటారు బాగుచేయించమని ఈసారి కమిటీలో రాతపూర్వకంగా పెడుతున్నాను.

ప్రొద్దుటూరు అమ్మ

టేపు పరీక్ష చేశాం. రెండో రోజు గుడ్లు కనపడ్డాయని రాసిచ్చారు. మా డాక్టరు పాపకు ఆల్బెండజోల్ రాశారు, రెండు వారాలకు ఇంకోటి. ఇంట్లో అందరూ వేసుకోవాలన్నారు కదా, ఆయన, మా అత్తమ్మ వేసుకున్నారు. నాకు మూడో నెల. ఆ సంగతి అక్కడ చెప్పడం మరిచిపోయి వచ్చేశాను. మాత్ర చేతిలో ఉంది, వేసుకోవచ్చా?

పిల్లల డాక్టరు, అనంతపురం

వేసుకోవద్దమ్మా. మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వద్దు, మెబెండజోల్ కూడా వద్దు. పక్కన పెట్టేసి, రేపు మీ చెకప్‌లో డాక్టరుకు చెప్పండి. అవసరమైతే ఎప్పుడు వేయాలో వాళ్లు చెప్తారు.

ఈలోపు పాప గోళ్లు పొట్టిగా కత్తిరించండి. రాత్రి బిగుతైన చెడ్డీ వేయండి. పొద్దున లేవగానే ఆమెకు కింద కడిగించి, లోదుస్తులు మార్చండి. పక్కబట్టలు దులపకండి, దులిపితే గుడ్లు గాలిలో లేస్తాయి. అలాగే చుట్టి తీసి వేడినీళ్లలో ఉతకాలి. ఆ పని ఈ రెండు వారాలూ మీరు కాక ఇంకెవరైనా చేస్తే మంచిది. మీ ఆయనకు చెప్పండి.